పద్మను నా కోసం ఆపకండి

నిన్న పొద్దున ఆరింటికి పద్మ నాతో ఫోన్‌లో మాట్లాడింది. చాయ్ తాగానంది.

ఎనిమిదింటికి రక్తం కక్కుకుంది. ఆమె తమ్ముడు రాజు ఆటోలో సిరిసిల్ల ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

పదకొండింటికి రాజు ఫోన్.

"బావా, అక్క లేదు బావా."

"ఏ అక్క?" అని అడిగాను. వాడికి ఒక్కతే అక్క.

నేను మస్కట్‌లో ఉన్నాను. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంది. సంతకం పెట్టాల్సిన మేనేజర్ సెలవులో ఉన్నాడు. ఇంకో మూడు రోజులన్నారు.

అక్కడ పుట్టింట్లో పద్మను ఐస్ బాక్స్‌లో పెట్టారు. బుగ్గారం నుంచి వెళ్లిన మావాళ్లు, సిరిసిల్లలో వాళ్లవాళ్లు, అందరిదీ ఒకటే మాట.

"నువ్వచ్చేదాక ఆపుతం."

ఆపుతామంటున్న మీకెవరికీ తెలియని సంగతి ఒకటి చెప్పాలి.

పోయినేడు సెలవులో వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఆమె లివర్‌కు స్కానింగ్ చేయించాను. మాది గీత కార్మికుల ఇల్లని తెలిసి డాక్టర్ అడిగాడు, కల్లు తాగుతారా అమ్మా అని.

"మా అత్తగారోళ్లు గీస్తరు, మా నాయినోళ్లు నేస్తరు. తాగేటోళ్లు వేరే ఉన్నరు సార్."

డాక్టర్ నవ్వాడు. లివర్‌ను పాడుచేసింది షుగర్. చుట్టాల్లో కొందరు ఇంకేదో అనుకుంటున్నారు. అనుకోవద్దు.

కిడ్నీలు బాగాలేవని కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇవ్వలేదు. లివర్ ఎంత గట్టిపడిందో చూసే పరీక్ష మాత్రం చేశారు. పక్కటెముకల మీద ప్లాస్టిక్ బిళ్ల కట్టి ఎంఆర్ఐ గొట్టంలోకి పంపుతారు. బిళ్ల అదురుతుంది. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి.

పద్మ కదిలింది. మూడుసార్లు.

టెక్నీషియన్ విసుక్కున్నాడు. పద్మ అతనికి చెప్పింది.

"సాంచా అదురుతుంటె, పోగు తెగిందా అని చెయ్యి దానంతటదే పోతది. నేనేం జెయ్యాలె?"

వాళ్ల నాయిన పవర్‌లూమ్ షెడ్డులో పదేళ్లు పనిచేసిన చేతులవి. సాంచాలు తుక్కు కింద అమ్మేశాక కూడా ఆ అలవాటు పోలేదు.

నన్ను లోపలికి పిలిచారు. తలపైకి చాపిన ఆమె చేతులు పట్టుకోమన్నారు. గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు చెప్పింది.

"అదురుడు గాదుండ్రి. మూసేసినట్టున్నది. నన్ను బయటికి తియ్యమనుండ్రి."

ఐదు నిమిషాలే అన్నాను. చేతులు వదల్లేదు.

పరీక్ష పూర్తయింది. లివర్ బాగా గట్టిపడిందని రిపోర్ట్ వచ్చింది.

ఊరికి తిరిగొచ్చే కోరుట్ల బస్సులో చలి పెడుతున్నా పద్మ కిటికీ అద్దం మూయనివ్వలేదు.

రెండు నెలలకు నేను మస్కట్ తిరిగొచ్చాను. మందులకు జీతం కావాలి కదా.

నిన్నటి నుంచి వీడియో కాల్‌లో ఆ అద్దాల పెట్టెనే చూస్తున్నాను.

నా కడసారి చూపు కోసం ఆమెను ఇంకో మూడు రోజులు అందులో ఉంచలేను. ఇది నా నిర్ణయం. రాజును ఎవరూ ఏమీ అనకండి. తలకొరివి తాను పెడతానని మా బిడ్డ శ్రావణి అంటోంది. పెట్టనివ్వండి.

పద్మా, పోయిరా. నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.

రేపు పొద్దున ఆరింటికి రాజుకు ఫోన్ చేసి, పెట్టె తెరవమని చెప్తాను.