తెల్లబంతి మీద నీలి చుక్క

నేనిప్పుడు ఉంటున్న ఖర్వాస్తాన్‌ పేటలో మా పక్కింటివాళ్లు ఈమధ్య స్నూకర్ బల్ల కొన్నారు. గోడ అవతల బంతికి బంతి తగిలిన చప్పుడు వినబడితే చాలు, అప్పన్నగారు గుర్తొస్తారు.

తెల్లవాళ్ల పాలన పోయి నల్లవాళ్ల కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో నేను కాకినాడ నుంచి సముద్రం దాటి, చెరకు తోటల ఊరు టోంగాట్‌కు ఫిజిక్స్ మాస్టరుగా వచ్చాను. అక్కడ తెల్లవాళ్ల క్లబ్బులో, ఒకప్పుడు చెరకు పనికి వచ్చిన తెలుగు కూలీల మనవడైన ఆయన నలభై ఏళ్లుగా బంతులు తుడిచే పని చేస్తున్నారు. కర్ర పట్టి ఆడే హక్కు మాత్రం లేదు. అంతా చూసి నేర్చుకున్నదే. ఒక మధ్యాహ్నం ఖాళీ హాల్లో రెండు బంతుల్ని చేతుల్లోనే తిప్పి చూపించారు.

"సూడు మాస్టర్, తెల్లది ఎడంపక్కకి తిరిగితే ఎర్రది కుడిపక్కకి తిరుగుతాది. మిల్లులో పళ్ల సక్రాల్లాగ."

"రాపిడి చాలా తక్కువండీ, అంత తిరగదు," అన్నాను.

"హాయిబో! నీ పుస్తకంలో బంతికి మట్టి అంటదా?" అని అక్కడి నల్లవాళ్ల మాటతో ఆశ్చర్యపోతూ నవ్వారు.

చాక్ పొడి, చేతి జిడ్డు ఉంటేనే ఒక బంతి రెండోదాన్ని పట్టుకుంటుందట. అలా ఎర్రబంతిని దారి మళ్లించి పాకెట్‌లో వేసే దెబ్బ ఒకటి, ఎప్పుడో చనిపోయిన ఒక దొర ఎడమ భుజం జార్చి, పొడిదగ్గు దగ్గుతూ ఆడేవాడట. "ఆడి సెయ్యి నా సేతిలో ఉండిపోయింది మాస్టర్. ఒక్కసారి ఆడితే పోతాది," అన్నారు. ఈసారి నవ్వలేదు.

క్లబ్బు అందరికీ తెరిచిన రోజు మొదటి దెబ్బ ఆయనకే ఇచ్చారు. నేను ముందే వెళ్లాను. బంతుల మీద వారం రోజుల మురికి. పెద్దాయన మరిచిపోయారనుకున్నాను. నలుగురిలో ఆయన మాట పడకూడదని నా రుమాలుతో అన్నీ మెరిసేలా తుడిచి పెట్టాను.

ఆయన వంగగానే ఎడమ భుజం ఆయనది కానట్టు కిందికి జారింది. ఎవరిదో పొడిదగ్గు దగ్గారు. వెనక ఒక ముసలి దొర, ఎవరినో గుర్తుపట్టినట్టు, కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. దెబ్బ పడింది. ఎర్రబంతి తిన్నగా వెళ్లి పాకెట్ అంచుకు తగిలి ఆగిపోయింది. తెల్లబంతి ఉన్నచోటే తిరుగుతోంది. కర్ర కొన అంటించిన నీలి చాక్ చుక్క కనబడుతూ, మాయమవుతూ, కన్ను తెరిచి మూసినట్టు. తన తిరుగుడు ఎవరికీ ఇవ్వలేక అది చాలాసేపు అలాగే తిరిగింది.

"ఎవుడు తుడిసినాడు?" ఎర్రబంతిని బొటనవేలితో రుద్దుతూ అడిగారు. నా జేబులోంచి వేలాడుతున్న రుమాలు మీది నీలి మరకలు చూశారు.

"పర్లేదు మాస్టర్. బాగా తుడిసినావు."

ఆ తర్వాత ఆయన కర్ర ముట్టలేదు. ఆ పొడిదగ్గు మాత్రం చనిపోయేదాకా ఆయన్ని వదల్లేదు.

ఆ రోజు డైరీలో వచ్చినవాళ్ల పేర్లు, ఎండ, గాలి అన్నీ రాశాను. బంతులు తుడిచింది ఎవరో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.