పేటా కింద పేనుకొరుకుడు

ఆ రోజుల్లో నా ధైర్యమంతా నా జుట్టులోనే ఉండేది. ఇప్పుడు నన్ను చూసేవాళ్లు ఈ మాట నమ్మరు, నమ్మమని నేనూ బలవంతపెట్టను. ఇరవై రెండేళ్ల వయసులో మా ఊరు కెంచనగుడ్డ నుంచి సండూరు గనికి తూకం గుమాస్తాగా వచ్చిన కొత్తలో, తలకు ఇంత కొబ్బరినూనె పట్టించి, జుట్టంతా వెనక్కి దువ్వి, నుదుటి మీద ఒక పాయను కావాలని వదిలేసి తిరిగేవాణ్ని. మా ఇంట్లో పొలం కూలికి కాకుండా నెలజీతానికి వెళ్లిన మొదటివాణ్ని నేనే. ఆ ఉద్యోగమూ ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు (నేను నచ్చకపోవడం ఎలా సాధ్యమో నాకప్పట్లో తోచలేదు).

రెండో నెలలో క్షౌరం చేయించుకుంటుంటే కత్తెర ఉన్నట్టుండి ఆగింది. "అన్నా, ఈడ వెనకల బిళ్లంత ఊడిపోయుండాది, చూసుకున్యావా?" అంటూ షాపతను రెండో అద్దం చూపించాడు. నున్నగా, గుండ్రంగా, ఎవరో కొలత పెట్టి గొరిగినట్టుంది. ఆదివారం ఊరికి పోతే మా అవ్వ ఒక్క చూపులో తేల్చేసింది. "పేనుకొరుకుడు నాయనా. గురివింద గింజ నూరి రోజుకోసారి పూస్తే వారంలో మొలుస్తాది." రోజుకోసారి పూస్తే వారం పట్టేది, మూడుసార్లు పూస్తే రెండ్రోజుల్లో వచ్చేస్తుందని లెక్క వేశాను. తూకం గుమాస్తాను కదా, లెక్కలో నాకు తిరుగులేదు. మూడో రోజుకు జుట్టు రాలేదు గానీ బొబ్బలొచ్చాయి. మళ్లీ ఊరికి పోయి గింజ మంచిది కాదంటే, "నేను చెప్పినట్టు పూసుకోకుండా గింజనంటావేందిరా?" అని అవ్వ నన్నే కసిరింది.

అసలు భయం వేరే ఉంది. మేం నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. అంతకుముందు ఎవరికో తామర వస్తే మెస్సులో వేరే కూర్చోబెట్టి, చివరికి ఇంటికి పంపేశారని విన్నాను. నాది కూడా అంటురోగమనుకుంటే ఆరు నెలల మాట దేవుడెరుగు, ఆ వారమే బస్సెక్కించేవాళ్లు. అందుకని హెల్మెట్ పెట్టుకున్నాను. గనిలో అందరూ పెట్టుకునేదే, కానీ తూకం గదిలో కూర్చునేవాళ్లు ఎవరూ పెట్టుకోరు. నేను తూకం గదిలోనే కాదు, మెస్సులో, టీ అంగడిలో, పళ్లు తోముకునేటప్పుడు కూడా గడ్డం పట్టీ బిగించి మరీ పెట్టుకున్నాను. రాత్రి దీపం ఆర్పాక తీసి, అందరికంటే ముందు లేచి పెట్టుకునేవాణ్ని. నా పక్క మంచం అన్న (సిరుగుప్ప వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద) రోజూ అడిగేవాడు. "ఏందప్పా, అన్నం తింటాండావా, గనిలోకి దిగుతాండావా?"

"పైకప్పు రేకు యాపొద్దు పడతాదో ఎవరికి తెలుసన్నా" అనేవాణ్ని గంభీరంగా.

పన్ను పీకించుకోవాలని చెప్పి సెలవు పెట్టి బళ్లారిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మొదట ఆ బొబ్బలు చూసి నాకు చీవాట్లు పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పేనూ లేదు, పురుగూ లేదప్పా. రోగాలతో కొట్లాడే బలం మన ఒంట్లో ఒకటుంటాది. అది పొరపాటు పడి నీ వెంట్రుకల కుదుళ్లనే కొడతాండాది. కొందరికి ఏం చేయకపోయినా మళ్లా వస్తాది. పూసే మందుండాది, మచ్చలోకి వేసే సూదులుండాయి. నీ మచ్చ చిన్నది, పుండు మానినాక సూదులేస్తాం. ఖాయంగా వస్తాదని మాత్రం నేను మాటియ్యను."

"అంటుకుంటుందా మేడమ్?"

"దువ్వెన పంచుకున్నా అంటదు, దిండు పంచుకున్నా అంటదు."

పుండు మానాక నెలకోసారి వెళ్లి మచ్చ చుట్టూ సన్నని సూదులు వేయించుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగితే గని దుమ్మన్నాను (ఆస్పత్రి గదిలోకి గని దుమ్ము ఎలా వచ్చిందని ఆమె అడగలేదు, మంచి మనిషి). అంటురోగం కాదని తెలిశాక హెల్మెట్ తీసేయొచ్చు. కానీ తీస్తే కదా చెప్పేది, చెబితే కదా తీసేది. ఆ ముడి విప్పే తెలివి నాకు లేకపోయింది.

ఇంతలో గనిలో భద్రతా వారోత్సవం వచ్చింది. మేం దొడ్డ సాహేబ్రు అని పిలుచుకునే మేనేజరు, "ఊట మాడేటప్పుడు, అంటే అన్నం తినేటప్పుడు కూడా హెల్మెట్ తీయని ఏకైక నౌకరు" అంటూ నన్ను వేదిక మీదికి పిలిచారు. ఛాతీ విరుచుకుని ఎక్కాను. మా వైపు సన్మానమంటే శాలువా, హారంతో అయిపోదు, తలమీద మైసూరు పేటా, అదే జరీ తలపాగా, పెట్టాల్సిందే. పళ్లెంలో జరీ అంచు పేటా చూశాక గానీ ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

"హెల్మెట్ తెగీరప్పా" అన్నారు సాహేబ్రు కన్నడంలో, తీయమని.

"దానిమీదనే పెట్టేయండి సార్!"

పాపం, ఆయన ప్రయత్నించారు కూడా. పేటా జారి మైకు మీద పడింది. అందరూ గొల్లున నవ్వారు. ఆయనే నా గడ్డం పట్టీ విప్పి హెల్మెట్ ఎత్తేశారు. మచ్చ వెనక వైపుంది కాబట్టి జనానికి ముఖం చూపిస్తూ కదలకుండా నిలబడితే సరిపోయేది. కానీ పెద్దవాళ్లు సన్మానం చేస్తుంటే కాళ్లకు మొక్కకుండా ఉంటామా? చటుక్కున తిరిగి వంగాను. గని మొత్తానికి నా తల వెనక భాగం దర్శనమైంది.

"అయ్యయ్యో, ఏందప్పా అది?" అని ఎవరో అరిచారు. ఇక దాచడానికేముంది? మైకు లాక్కుని, డాక్టరమ్మ చెప్పిందంతా ఆమెకంటే గట్టిగా చెప్పాను. ఒంటి బలం పొరపాటు, సూదులు, పూత మందు, అంటుకోకపోవడం, అన్నీ. "గురివింద గింజ మాత్రం పూసుకోవద్దండి" అని ముగించాను. సాహేబ్రు పేటా నా తలమీద పెట్టి, చేత్తో గట్టిగా అదిమారు. మరునాడు ఒక లారీ డ్రైవరు మెడలో తువ్వాలు తీసి, గడ్డంలో ఇలాంటిదే మచ్చ చూపించి డాక్టరమ్మ చిరునామా అడిగాడు. ఆరు నెలలకు ఉద్యోగమూ ఖాయమైంది. జుట్టు మొదట తెల్లగా, తర్వాత నల్లగా వచ్చింది.

పక్క మంచం అన్న మాత్రం రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే కదిలిస్తే అప్పుడన్నాడు. "మూడు నెల్లు ఆ డబ్బా మోస్తివే, నేను పరాయోన్నా? ఒక్క మాట చెప్పింటే రోజూ పొద్దున్నే నేనే పైనుంచి నాలుగెంట్రుకలు దువ్వి కప్పుతాంటి కదప్పా."

ఇప్పుడు నా తలమీద దువ్వి కప్పడానికి నాలుగు వెంట్రుకలు కూడా లేవు. వయసుతో పోయినవి, ఏ సూదికీ రావు, నేనూ అడగలేదు. బట్టతల తడుముకున్నప్పుడల్లా అప్పటి ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. తన తల దువ్వడానికి సిద్ధంగా ఉన్న మనిషినే చూసి, వాడు మూడు నెలలు భయపడ్డాడు.