చింతగింజలు తప్పు చెప్పిన శనివారం

సహోదరులారా, కోతకాలపు పండుగకు ముందటి శనివారం, పగలు సరిగ్గా పదకొండు గంటలకు, మానుకోట దారిలోని మిషన్ దవాఖానలో, గుండెకు వేసుకునే చుక్కల మందు ఇక నాకు అక్కర్లేదని దేవుడు తేల్చాడు. అప్పుడే గోడ గడియారం కొట్టింది కాబట్టి గంట కూడా చెప్పగలుగుతున్నాను. యాభై దాటాక పలక పట్టినవాణ్ని, నా రాతలో సొగసు వెతకొద్దు, జరిగింది మాత్రం ఉంటుంది.

రజాకార్ల కాలంలో దంతాలపల్లి పక్కన మా పల్లె ఖాళీ అయితే మేమూ గుట్టల్లో పడ్డాం, గడ్డలూ ఆకులూ తిని బతికాం, తిరిగి వచ్చేసరికి నా ఒంట్లో రక్తం లేదు, కాళ్లు వాచాయి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునేవాణ్ని, నేను బతికుండగానే నా భార్య మార్తమ్మ నాకోసం ఏడ్చింది! డాక్టరమ్మ రూతమ్మ గారు నీళ్లలో కలుపుకునే చుక్కల మందు ఇచ్చారు, ఆ మందుతోనే లేచి నడిచాను, దాన్ని నేను తిట్టను. అయితే పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అదే మందు నాకు ఎక్కువైంది, అన్నం చూస్తే వాంతి, తెల్లటి ధోవతి కూడా పచ్చగా కనబడేది. నా బామ్మర్ది పౌలు రఘునాథపల్లి నుంచి వచ్చి, విశ్వాసముంటే సీసా బావిలో వేయమన్నాడు. వేస్తే నేనూ దాని వెనకాలే పోతానని చెప్పి, అతని చేతనే దవాఖానకు బండి కట్టించాను.

డాక్టరమ్మ నన్ను అక్కడే ఉంచుకుని, మందు ఆపి, వాంతులు తగ్గేదాకా చూశారు. ఇప్పుడు ఒంట్లో రక్తం పట్టింది, గుండె తన బలంతో నడవొచ్చు, కొద్ది చుక్కలతో మళ్లీ మొదలుపెట్టి మెల్లగా తగ్గిద్దాం, గుండె పరుగెత్తినా కాళ్లు వాచినా ఆలస్యం చేయకుండా రావాలి అన్నారు. పరుగు తెలిసేదెట్లా? మా ఊళ్లో గడియారం లేదు. అందుకని ఆమె మార్తమ్మ చేత ఆరాధనలో పాడే కీర్తన ఒక చరణం పాడించి, గడియారం చూసుకుని, కొన్ని చింతగింజలు లెక్కపెట్టి మూటకట్టి ఇచ్చారు. నా నాడి మీద వేళ్లుంచి, మామూలుగా పాడుతూ, దెబ్బకొక గింజ పక్కకు జరపాలి. చరణం ముగియకముందే గింజలు అయిపోతే గుండె పరుగెడుతున్నట్టు.

చుక్కలు తగ్గినకొద్దీ మార్తమ్మకు భయం పెరిగింది. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాణ్ని, ఆమె పాడేది. చుక్కలు పూర్తిగా మానిన వారంలో, ఆ శనివారం పొద్దున, చరణం సగంలోనే గింజలు అయిపోయాయి. ఆమె వెంటనే, మా ఇంటికి వచ్చి ఉన్న పౌలు చేత బండి కట్టించింది. నన్ను బండిలో పడుకోబెట్టి, మిగిలిన మందు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

దారిలో పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపారు. ఆ రోజుల్లో మందు దొరికితే అడవిలో ఉన్న దళానికే అనుకునేవారు. జమేదారు సీసా పట్టుకుని, "గీ మందు నీదే అయితే నా ముంగట తాగు, సూస్త" అన్నాడు.

"ప్రభువా, ఆ సీసా నా నోటిదాక రానియ్యకు" అని లోపల మొరపెట్టాను. నేను నోరు తెరవకముందే మార్తమ్మ అడ్డంగా నిలబడింది.

"తాగితే పానం పోతది దొరా. మీకు అనుమానముంటే ఒక జవానును తోలుండ్రి, డాక్టరమ్మనే అడుగుతడు."

జమేదారు సీసా ఒక జవాను చేతికిచ్చి మా వెంట పంపాడు. దేవుడు స్త్రీ నోట మాట పెట్టాడు!

డాక్టరమ్మ నా రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నారు, గడియారం చూశారు, కాళ్లు నొక్కి చూశారు, మళ్లీ విన్నారు. తర్వాత తన చెయ్యి మార్తమ్మకు చాపి, ఇంట్లో పాడినట్టే పాడమన్నారు. మార్తమ్మ పాడింది. సహోదరులారా, అది కీర్తన కాదు, శవం దగ్గర ఏడ్పు, ఒక్కో మాటా సాగి సాగి కదలదు! చరణం సగానికి రాకముందే గింజలు అయిపోయాయి.

"నాకు సుత గుండె జబ్బేనా మార్తమ్మా?" అన్నారు డాక్టరమ్మ.

జవాను తుపాకీ గోడకు ఆనించి తన చెయ్యి కూడా చాపాడు. "నాది సూడు అవ్వా, గీ పాటకు నేను సుత బతికేటట్టు లేను."

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఊపిరి వచ్చింది, ఎన్నాళ్లకో నిండుగా! నా గుండె సరిగ్గా నడుస్తోందని, మందు వద్దని, నెలకోసారి వచ్చి చూపించుకోమని డాక్టరమ్మ అన్నారు, గడియారం కొట్టింది.

"ఏడ్పు పాట పాడి నన్ను గింత దూరం తెస్తివి గదనే" అన్నాను.

"నిన్ను పట్టుకొని ఏడ్వకుంట ఎట్ల పాడుదునయ్యా" అంది మార్తమ్మ.

దేవునికే మహిమ. నా గుండెను నిలబెట్టినవాడు ఆయనే, మందిచ్చిన చెయ్యీ ఆయనదే, మాన్పించిన చెయ్యీ ఆయనదే. కాబట్టి మీలో ఎవరైనా మందు పారేసి దానికి విశ్వాసమని పేరు పెడితే నా దగ్గరకు రావద్దు, ముందు డాక్టరు దగ్గరకు పోండి, పోయేటప్పుడు ప్రార్థన చేసుకుంటూ పోండి, ఆయన ఆ దారిలోనే కలుస్తాడు. ఆయన్ను నమ్మండి, చేయి విడువడు.

ఆ గంటకు ఆ గదిలో ఉన్నవాళ్లం: డాక్టరమ్మ రూతమ్మ గారు, నర్సు ఎస్తేరు, బండి తోలిన నా బామ్మర్ది పౌలు, జవాను లింగయ్య, నా భార్య మార్తమ్మ, ఆమె చేతిలో చెయ్యి పెట్టి కూర్చున్న నేను, యాకోబు.