పచ్చి కుండల మీద నా నిప్పు

మా ఇంట్లో అమ్మకు మట్టి, నాకు నిప్పు. కొందరి ఇళ్లలో సంగీతం వచ్చినట్టు మా కుమ్మరింట్లో ఇవి వచ్చాయి, అంతే. అమ్మ చేయి చాపితే మట్టిముద్ద సారె లేకుండానే లేచి కుండ రూపం కడుతుంది. నేను అరచేతులు చూపిస్తే ఆవం పేర్చకుండానే కుండ కాలుతుంది. మహదేవపురలో ఆఫీసుకు పోయే నాకు ఆ విద్య చల్లారిన టీ వేడి చేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదు.

అరివేణి కుండల కోసం పెళ్లివాళ్లు మేళంతో కుమ్మరింటికి రావాలి. ఇల్లాలికి పసుపు కుంకుమలిచ్చి, చీర పెట్టి, కుండలను నెత్తిన పెట్టుకుని పందిట్లోకి తీసుకుపోవాలి. సర్జాపుర చివర మా ఇంటి చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక అందరూ ఆ కుండలను అంగట్లోనే కొంటున్నారు. అలాంటిది పోయిన శ్రావణంలో మా వీధి చివరింటి పెద్దాయన వచ్చి, మనవరాలి పెళ్లికి కుండలు నువ్వే చేసియ్యాలమ్మా అన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు, సంతోషంతో.

ఆమె వేళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. మట్టి మాట వినేది గానీ వేళ్లు వినేవి కావు. రాత్రికి నూనె రాయించుకుని, పొద్దున్నే మళ్లీ కూర్చునేది. ఇవే నా ఆఖరి కుండలు అని నాతో రెండు మూడు సార్లు అంది. నేను ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టాను.

వాన వదలలేదు. పెళ్లి ముందు రోజు అమ్మ కుండను వేలితో కొట్టి విని, తల అడ్డంగా ఊపింది.

"లోపల ఇంకా పచ్చిగానే ఉండాయప్పా. ఈ పొద్దే చిన్నగా సెగ పెట్టు. నిదానంగా కాల్చల్ల."

"పైన ఆరిపోయింది కదమ్మా. నువ్వు సుమ్మనే ఉండు. రేపు వాళ్లు వచ్చినాక వాళ్ల ముందరే కాల్చిస్తా. కుండలకు బొట్లు వాళ్ల చేతే పెట్టిద్దాం."

సెగ పెట్టాలంటే పొద్దంతా చేతులు చాచుకుని కూర్చోవాలి. అంత ఓపిక నాకెక్కడిది? పైగా నలుగురూ చూడాలని ఉండింది. ఉత్త టీ కాచుకునే విద్యకు ఒక్కసారైనా చప్పట్లు కావాలనిపించింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మరునాడు మేళం వచ్చింది. ముత్తైదువలు అమ్మకు చీర పెట్టారు. నేను వాకిట్లో కుండల ముందు నిలబడి, ఫోన్లన్నీ పైకి లేచేదాకా ఆగి మరీ చేతులు చాచాను. నిప్పు ఒక్క ఊపున వచ్చింది. కుండలు ఎర్రగా వెలిగాయి. ఎవరో ఈల వేశారు. అంతలో ఒకటి టప్పున పేలింది, దాని వెనక మిగతావన్నీ. లోపలి తడి ఆవిరై ఒక్కదాన్నీ మిగల్చలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు. ఆ దుడ్డుకర్ర ఎప్పుడూ బయటివాళ్ల చేతిలో ఉంటుందనుకునేవాణ్ణి.

డోలు ఆగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ పెంకుల వైపు చూడలేదు. కొత్త చీరను ఒళ్లోంచి తీసి పెద్దాయన చేతిలో పెట్టబోయింది.

"తప్పు నాదప్పా. నా చేతులు సెడిపోయినాయి, మట్టి సరిగ్గా పిసకలేక పోతిని. మావాని అగ్గిలో ఏం లోపం లేదు."

"అబద్ధం!" అని అరిచాను. "అమ్మ వద్దంటానే ఉండింది. పచ్చివని చెప్పింది. నేనే వినలేదు. తప్పంతా నాది."

పెద్దాయన చీరను మళ్లీ అమ్మ ఒళ్లోకే తోశాడు. నా దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

"వయసైన తల్లి పరువు కాపాడల్లని తప్పు నెత్తినేసుకుంటివి. బంగారట్లా బిడ్డప్పా నువ్వు."

చుట్టూ ఉన్నవాళ్లు అవునవునన్నారు. నేను అమ్మ వైపు చూశాను. ఆమె కూడా అవునన్నట్టు తలూపింది.