గూడబాతులకు నేను పెట్టిన విందు

మీలో ఎవరికైనా చేపల చెరువు ఉంటే, దయచేసి నన్ను దాని గట్టు మీద కూర్చోబెట్టకండి. ఆకివీడులో మా మావయ్య అలా కూర్చోబెట్టి, ఒక్క పూటలో ఎంత నష్టపోయారో చెబుతాను.

నేను పిల్లల కామిక్స్‌కి బొమ్మలు వేస్తాను. అప్పట్లో కొల్లేటి పక్షుల కథ ఒకటి ఒప్పుకున్నాను. కథానాయకుడు గూడబాతు. అదేనండీ, ముక్కు కింద సంచి వేలాడే పెలికాన్. రంగుల దాకా వెళ్లేముందు దాని నడక, అలక, ఆవులింత అన్నీ పెన్సిల్‌తో గీసి చూసుకోవాలి. ఏలూరులో మా డాబా మీద గూడబాతులు వాలవు కదా. “బొమ్మలెయ్యడం కూడా ఒక పనేనా?” అనే బంధువుల్లో నన్ను నమ్మింది మావయ్య ఒక్కరే. “మా చెరువుకి రామ్మా, కావలసినన్ని వస్తాయి” అన్నారు.

అదే ఆయన బాధ కూడా. చెరువులో అప్పుడే చేపపిల్లల్ని వదిలారు. పక్షులు వాలకుండా కాపలా వీర్రాజుగారు రోజంతా రేకు డబ్బా వాయిస్తూ ఉంటారు. ఆ పూట టిఫిన్‌కి వెళుతూ డబ్బా, కర్ర నా చేతికిచ్చారు.

“పిట్ట వాలితే వాయించెయ్యండి అమ్మాయిగారూ. ఆలోచించకండి.”

“అలాగేనండీ. మీరు నిదానంగా తినిరండి.”

ఒక గూడబాతు వాలింది. కర్ర ఎత్తాను. అది మెడ తిప్పి నన్ను చూసింది. అచ్చం పెళ్లిలో ముందు వరసలో కూర్చున్న మా పెద్దత్తయ్య. అంత మంచి పోజు ఇస్తుంటే డబ్బా ఎలా వాయిస్తానండీ? ఒక్క బొమ్మే అనుకున్నాను. అది పూర్తయ్యేలోపు దాని బంధువర్గమంతా దిగింది. నేను గీస్తున్నాను, అవి తింటున్నాయి. ఎవరి పనిలో వాళ్లం మునిగిపోయాం.

మావయ్య బండి చప్పుడుకి అన్నీ బరువుగా లేచి వెళ్లాయి. గట్టెక్కి వచ్చి ఆయన అడిగారు.

“పిట్టలేమైనా వాలాయా అమ్మా?”

“ఒకటో రెండో మావయ్యా. వెంటనే తోలేశాను.”

“మంచిది. ఏదీ, బొమ్మలు చూపించు.”

పొంగిపోయి కాగితాలన్నీ ఇచ్చేశాను. అదీ నా తెలివి. మొదటి కాగితం మీద సన్నటి గూడబాతు. తర్వాత దాని ముక్కులో చేప. ఆఖరి దాని మీద పొట్టలు మొయ్యలేక కూలబడ్డ గుంపు. చేపల పొలుసులు కూడా శ్రద్ధగా వేశాను మరి.

“ఈ ముక్కులో ఉన్నది మన బొచ్చె చేపపిల్లేనా అమ్మా?”

“అవును మావయ్యా.”

నిజంగానే ఏడుపొచ్చింది. నన్ను నమ్మిన ఒక్క మనిషి చెరువూ నా ఎదురుగానే ఖాళీ అయింది. ఆయన మాత్రం ఆ బొమ్మని చాలాసేపు చూశారు.

“బాగా వేశావు,” అన్నారు మెల్లగా. “ఈసారి చెరువుకి మాత్రం రాకు. ఏ పిట్ట కావాలో చెప్పు, బజార్లో చేపలు కొనిపెట్టి మీ ఇంటికే పంపిస్తాను. నాకదే చవక.”

కాబట్టి పెన్సిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చేపలు తినే జీవాల జోలికి పోను, గడ్డి తినేవాటినే గీస్తాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ అత్తిలిలో వరి పండించే మా బాబాయి నా ఫోను ఎత్తడం లేదు.