అమ్మ పేరుతో నేనన్న మాట

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అవి నిజాం రోజులు. అమీర్‌పేటలో మాది మగ్గాలున్న ఇల్లు. నేను చిన్నకోడలిని, పనులు చెప్పడానికి తప్ప నన్ను ఎవరూ పిలిచేవారు కాదు. ఒక ఆషాఢం బోనాలకు పోచమ్మ గుడి ముందు డప్పులు మోగుతుంటే నాకు పూనకం వచ్చింది. ఒట్టు, అది నిజంగానే వచ్చింది. ఏమన్నానో గుర్తులేదు గానీ, కడుపులో దాచుకున్న ఏడుపంతా బయటికి పోయి, మనసు తేలికై, ఒళ్లెరగకుండా నిద్రపోయాను. అప్పటినుంచి అత్త నన్ను కసరడం మానేసింది.

మరుసటేడు పూనకం రాలేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి, అందరూ నావంకే చూస్తున్నారు. రాకపోతే మళ్లీ ఎవరికీ పట్టనిదాన్ని అయిపోతానని భయపడ్డానా? భయపడ్డాను. జుట్టు నేనే విప్పుకున్నాను.

అత్త నా కాళ్ల మీద నీళ్లు పోసి, "పెద్దకోడలి కొడుకు ఎందుకు పోయిండు తల్లీ?" అని అడిగింది. ఆ పసివాడు జ్వరంతో పోయి ఎంతోకాలం కాలేదు. జ్వరం తగ్గితే బోనం ఎత్తుతానని మొక్కి, తగ్గాక మరిచానని, అంతలోనే తిరగబెట్టిందని, నేను అక్కా అని పిలిచే ఆ తోడికోడలు నా ఒక్కదాని దగ్గరే చెప్పుకుని ఏడ్చింది. సరిగ్గా అదే నా నోట వచ్చింది: "నా బోనం మరిచింది. అందుకే తీసుకున్న."

జనం చేతులు జోడించారు. అక్క కూలబడింది. నాకు చెప్పిన సంగతి ఆమెకు గుర్తే, అయినా నన్ను అనుమానించలేదు. ఆ తర్వాత నూలు చుడుతూ చుడుతూ ఆగిపోయేది. అన్నం ముందు పెట్టుకుని, "నేనే చంపిన" అని గొణుక్కునేది. పంజాగుట్టలో దర్జీ పని చేసే ఆమె భర్త దవాఖానకు తీసుకుపోతానంటే, అమ్మ కోపానికి మందులేమిటని అత్త అడ్డుపడింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

నిజాం రాజ్యం పోయిన ఏడాది, ఇక తట్టుకోలేక ఆమె కాళ్లు పట్టుకున్నాను.

"అక్కా, ఆనాడు నాకు పూనకం రాలే. గా మాట అమ్మది కాదు, నాది."

ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గట్లనకు చెల్లె, తప్పు. నా మీద జాలితోని అమ్మను అబద్ధం చేస్తున్నవ్. ఏటా బోనం ఎత్తుతనే ఉన్న గద. ఎన్నడన్న మాఫ్ చేస్తది."

ఆ మాఫీ కోసం ఎదురుచూస్తూనే ఆమె పోయింది. పోచమ్మకు ఆమె మీద ఏ కోపమూ లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ నా ఒక్కదానికే తెలుసు. ఇవాళ మీకూ తెలిసింది. కొంచెం ఊపిరాడుతోంది.