ఆళ్లగడ్డ దాటిపోయిన ఆటగాడు

నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. "తీరిక లేదు" అనేది నేను రోజూ అందరికంటే ముందు అనే మాట. బాగున్నావా అని పలకరించినవాళ్లకు కూడా అదే జవాబు. అలాంటివాణ్ని ఒక ఆదివారం క్యారమ్స్ పోటీకి ఆళ్లగడ్డ బయలుదేరానంటే కారణం నా ఉత్సాహం కాదు, ఖాజా ఫోను.

ఖాజా, నేను డిగ్రీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. చదువుకున్నాం అనడం కంటే క్యారమ్స్ ఆడుకున్నాం అనడం నిజం. వాడిప్పుడు ఆళ్లగడ్డలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అక్కడ ఏటా జరిగే జోడీల పోటీకి వాడు మా ఇద్దరి పేర్లూ రాయించడం, నేను చివరి నిమిషంలో పనుందని మానేయడం కొన్నేళ్లుగా జరుగుతున్నదే. ఈసారి వాడు గొంతు పెంచకుండా చెప్పాడు.

"సూడు సుధాకరా, ఈసారి గూడా రాకపోతే నిన్ను ఇంగ పిల్సను. ఆటకే కాదు, దేనికీ పిల్సను."

అరిచి ఉంటే పట్టించుకునేవాణ్ని కాదు. మెల్లగా అన్నాడు కాబట్టి భయమేసింది.

పొద్దున ఎనిమిది దాటాక నంద్యాల బస్టాండులో కడప బస్సు ఎక్కాను. సంచిలో పాత స్ట్రైకరు, మా ఆవిడ కవిత కట్టిచ్చిన ఉగ్గాని డబ్బా, దాని కింద ల్యాప్‌టాప్ ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఎందుకని కవిత అడిగింది. "ఊరికే, పక్కనుంటే ధైర్యం" అన్నాను. "కాయలు దాని మీద పేర్చి ఆడతావా?" అని తలుపేసుకుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక సలహా. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. పొలాలకు ఆవల నల్లమల కొండలు చాలా దూరం మీ వెంటే వస్తాయట. 'అట' అని ఎందుకు అంటున్నానంటే, నేను సరిగ్గా ఆ సీటులోనే కూర్చుని కూడా వాటిని చూడలేదు.

బస్సు ఊరు దాటకముందే మా మేనేజరుగారి మెసేజి వచ్చింది. స్టాకు ఫైలు ఒకసారి చూడమని. ఒళ్లో ల్యాప్‌టాప్ తెరిచాను. పక్క సీటులో అరటిపళ్ల సంచితో ఒక పెద్దామె కూర్చుని ఉంది.

"ఏందప్పా అది, టీవీనా?"

"కాదమ్మా, ఆఫీసు పని."

"ఆదివారం గూడానా? జీతం రెండింతలు ఇస్తారేమో!"

"ఇవ్వరమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, సంచిలోంచి ఒక పండు తీసి నా చేతిలో పెట్టింది. తిండికి కూడా నోచుకోనివాడు అనుకున్నట్టుంది. శిరివెళ్లలో దిగేటప్పుడు నా భుజం తట్టి మరీ వెళ్లింది.

ఆ తర్వాత నేను లెక్కల్లో మునిగిపోయాను. ఎక్కడో ఒక అంకె కలవడం లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసుకుంటూ పోయాను. చివరికి కలిసింది. యుద్ధం గెలిచినవాడిలా తలెత్తి, కండక్టరును అడిగాను, ఆళ్లగడ్డ ఇంకా ఎంత దూరమని.

"ఆళ్లగడ్డా?" అతను టికెట్లు చించడం ఆపేశాడు. "బస్టాండులో నిలబెట్టి గొంతు చించుకుంటి గదన్నా! నువ్వు తలెత్తల్యా. ఇప్పుడు చాగలమర్రి వస్తాంది."

బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వబోయాను కానీ అప్పుడే ఫోను మోగింది.

"యాడుండావ్ రా?" ఖాజా. "మన పేరు పిలుస్తాండారు."

"చాగలమర్రిలో."

"ఆడికెందుకు పోయినావ్?"

"పని చేసుకుంటా... దాటిపోయినా."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

చాగలమర్రిలో దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆకలిగా ఉంది, డబ్బా తెరవబుద్ధి కాలేదు. తిరుగు బస్సెక్కి నేరుగా నంద్యాల పోతే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. సోమవారం ఫోను చేసి క్షమించమని అడగొచ్చు. కానీ సోమవారం నాకు తీరిక ఉండదని గుర్తొచ్చింది. నా మీద నాకే అసహ్యం వేసి, ఆళ్లగడ్డలోనే దిగాలనుకుని, వచ్చిన బస్సెక్కాను. ఈసారి డ్రైవరు వెనకే నిలబడ్డాను.

బస్టాండు నుంచి పోటీ జరిగే కల్యాణ మండపానికి నడక దూరమే. దారిలో శిల్పుల షెడ్లలో ఉలి చప్పుళ్లు ఆదివారం కూడా ఆగలేదు. వాళ్లనెవరూ జాలిగా చూడరేమో అనుకుంటూ లోపలికి వెళ్లాను. ఒక బోర్డు చుట్టూ గుంపు ఉంది. తొంగిచూస్తే ఖాజాకు ఎదురుగా, నేను కూర్చోవలసిన కుర్చీలో, తలమీద కొంగు కప్పుకుని వాడి భార్య షమీమ్ ఉంది. ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిందట. మొదటి ఆట అప్పటికే గెలిచేశారు.

పోటీ నడిపే రిటైరైన డ్రిల్లు మాస్టారు కళ్లజోడు పైకి నెట్టి అన్నాడు: "పేరు మీదే రాసుకున్యాం సార్. ఆడేదుంటే కూర్చోండి. ఆయమ్మ మీకు బదులుగా వచ్చింది."

షమీమ్ లేచి నిలబడింది. "రా అన్నా, కూర్చో."

ఖాజా మాత్రం నన్ను చూడలేదు. బోర్డు మీద పౌడరు పూస్తూనే ఉన్నాడు.

సంచిలో చెయ్యి పెట్టి స్ట్రైకరును పట్టుకున్నాను. ఆడాలని నిజంగానే ఉంది. "రోజూ ఆడతావా అమ్మా?" అని అడిగాను.

"డ్యూటీ ఎప్పుడున్యా, అంగడి మూసే లోపల రెండాటలు ఆడాల్సిందే అన్నా. లేకపోతే నాకు నిద్ర రాదు."

రోగుల మధ్య రాత్రంతా నిలబడే మనిషికి దొరికిన ఆ కాసేపు, కుర్చీలో కూర్చుని అంకెలు కలిపే నాకు ఇన్నేళ్లూ ఎందుకు దొరకలేదో! స్ట్రైకరును మళ్లీ సంచిలోకి వదిలేశాను.

"నువ్వే ఆడమ్మా. నేను చూస్తా."

ఖాజా అప్పుడు తలెత్తాడు. "ఏందీ? ఇంత దూరం వచ్చి సూస్తావా?"

"ఇంతకంటే దూరం పోయి వచ్చినా కదరా."

వాడు పెదాలు బిగబట్టుకున్నాడు కానీ ఆగలేదు. పౌడరు చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. మూతికి తెల్లటి మీసం వచ్చింది.

తర్వాతి ఆటలన్నీ గోడకానుకుని చూశాను. మధ్యలో మేనేజరుగారి మెసేజి: "ఫైలు మంగళవారానికి చాలు. మర్చిపోతానేమోనని అప్పుడే పంపాను." రెండుసార్లు చదివి, ఫోను ఆపేసి, సంచిలో అడుగున పడేశాను. ఫైనల్లో బనగానపల్లె మామిడి వ్యాపారులు, ఇద్దరు అన్నదమ్ములు. షమీమ్ ఎర్రకాయ వేసినప్పుడు నేను అరిచిన అరుపుకు మాస్టారు నన్ను బయటికి పంపిస్తానన్నాడు. దాని వెంటనే వేయాల్సిన కవర్ కాయ మాత్రం గుంత అంచున ఆగిపోయింది. ఓడిపోయారు. ఖాజా కంటే నాకే ఎక్కువ బాధ కలిగింది.

వాళ్లింట్లో భోంచేసి, ఉగ్గాని కూడా ముగ్గురం పంచుకుని, మధ్యాహ్నం అంగట్లో ఊడదీసిన మిక్సీల నడుమ బోర్డు పెట్టుకున్నాం. నా మొదటి దెబ్బకు స్ట్రైకరు బోర్డు దాటి ఎవరిదో గ్రైండరు గిన్నెలో పడింది. అన్ని ఆటలూ ఓడాను. "వచ్చే ఏడు తప్పకుండా వస్తా రా" అన్నాను బయలుదేరుతూ.

"వచ్చే ఏడు మాట ఎవడడిగినాడు?" అన్నాడు ఖాజా. "వచ్చే ఆదివారం రా."

పొద్దు వాలే వేళ నంద్యాల బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. నల్లమల నిజంగానే వెంట వచ్చింది, చీకటి పడి కనబడకుండా పోయేదాకా. పోటీలో ఆడనూ లేదు, అంగట్లో ఆడినవి గెలవనూ లేదు, అయినా ఇంత నిండుగా గడిచిన రోజు ఈమధ్య నాకు గుర్తులేదు. నాకు తెలియకుండానే ముందు సీటు కమ్మీ మీద చూపుడువేలితో మీటుతూ ఉన్నాను. పక్కనున్న రుద్రవరం రైతు చాలాసేపు చూసి, ఉండబట్టలేక అడిగాడు.

"ఏందన్నా, వేలికి ఏమన్నా అయిందా?"

"చానా ఏండ్ల నుంచి తిమ్మిరి పట్టిందన్నా," అన్నాను. "ఇప్పుడిప్పుడే వదుల్తాంది."